ఉప్పు లేదని ఎవరు చెప్పాలి?

అన్నం పెట్టినవాడి ముఖం మీద ‘బాగాలేదు’ అనే మనిషి భీమవరంలో ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి పిల్లనెవరూ ఇవ్వరు. ఈ చిన్న సంగతి హైదరాబాదులో అద్దాల మేడలో కూర్చున్న ‘స్వాదసౌఖ్య హాస్పిటాలిటీ’ వారికి తెలియదు. తెలిసి ఉంటే వాళ్ళు ఆ ఊళ్ళో ‘గిన్నె స్టోరీ’ తెరిచేవారూ కాదు, కడలి వీరభద్రం అనే మంచి మనిషి ఇన్ని పాట్లు పడేవాడూ కాదు.

భద్రం అంతకుముందు పదిహేనేళ్ళు పెళ్ళిళ్ళలో వడ్డన మేస్త్రీగా చేశాడు. అతను బంతి నడిపితే ఏ ఆకులో ఏది అయిపోయిందో తినేవాడికంటే ముందు అతనికే తెలిసేది. ‘భద్రం వడ్డనండి’ అంటే చాలు, ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఓ ముద్ద ఎక్కువే తినేవారు. అలాంటివాడికి మేనేజరు ఉద్యోగం, ఏసీ గది, మెడలో టై దొరికాయి. భార్య అనంతలక్ష్మి ఆ టైని తానే ఇస్త్రీ చేసి, పాలవాడితో సహా అందరికీ చూపించింది.

గిన్నె స్టోరీ కూర్చుంటే వచ్చి వడ్డించే హోటలు కాదు, నిలబడి నాలుగు మెతుకులు మింగేసి పోయే బండీ కాదు. రెండిటికీ మధ్యరకం. మనమే గిన్నె పట్టుకుని అద్దాల బల్ల వెంట నడవాలి. మొదటి పిల్ల కొర్రలా, ఎర్రబియ్యమా అని అడుగుతుంది. రెండో పిల్ల పప్పు పోస్తుంది. మూడో పిల్ల పులుపు తీసేసిన గోంగూర పెడుతుంది. నాలుగో పిల్ల పైన కరకరలాడేవి ఏవో చల్లి, “మీ కథ సిద్ధమైందండి” అంటుంది. ఆ కథలో ఉప్పు ఉండదు.

ఉప్పు లేకపోవడం వంటవాడు నూకరాజు తప్పు కాదు. దినుసులన్నీ కొలిచి, కలిపి, సీలు వేసిన పొట్లాల్లో హైదరాబాదు నుంచే వస్తాయి. దేశంలో ఏ మూల మనిషి తిన్నా అభ్యంతరం చెప్పలేని రుచి ఏదో కనిపెట్టడానికి సంస్థవారు ఒక రుచి మండలిని వేశారు. ఆ మండలి కారం అంటే ఒకరికి పడదని కారం తీసేసింది, పులుపు అంటే ఇంకొకరికి పడదని పులుపు తీసేసింది, చివరికి ఉప్పు కూడా వాసన చూపించి వదిలేసింది. వంటింట్లోకి బయటి ఉప్పు రానివ్వలేదు, బల్లల మీద ఉప్పు డబ్బా కూడా పెట్టనివ్వలేదు. డబ్బా కనబడితే వినియోగదారుడికి ఉప్పు గుర్తుకొచ్చి అనుభవం చెడుతుందట!

అనుభవం అన్నది అక్కడ పెద్ద మాట. వచ్చినవాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మేనేజరు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి, “మీ అనుభవం ఎలా ఉందండీ?” అని అడగాలి. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గరున్న తెర మీద నవ్వుముఖమో ఏడుపుముఖమో వాళ్ళు నొక్కాలి. నొక్కిన ముఖాలన్నీ ఆ రాత్రికి హైదరాబాదు చేరతాయి.

తెరిచిన వారం ఊరంతా వచ్చింది. అందరికంటే ముందు వచ్చినవారు రొయ్యల చెరువుల పెనుమత్స సోమరాజుగారు. పెద్దాయన ఒక ముద్ద పప్పన్నం తిన్నారు. కళ్ళు ఒకసారి మూసి తెరిచారు.

“మీ అనుభవం ఎలా ఉందండీ?” అన్నాడు భద్రం.

“ఆయ్, బెమ్మాండంగా ఉందండి,” అన్నారు రాజుగారు. గ్లాసుడు నీళ్ళు తాగి, నవ్వుముఖం నొక్కి, భద్రం భుజం తట్టి వెళ్ళిపోయారు.

అందరూ అలాగే నొక్కారు. రెండోవారం మాత్రం ఎవరూ రాలేదు. అద్దాల బల్ల వెనక నలుగురు పిల్లలూ ఒకళ్ళ గిన్నెలో ఒకళ్ళు కథలు తయారుచేసుకుంటూ కూర్చున్నారు. ఎదుటి వరసలో మంగాయమ్మ పెసరట్ల బండి దగ్గర మాత్రం సందు లేదు. భద్రం టై విప్పి జేబులో పెట్టుకుని ఆ గుంపులో చేరాడు. అక్కడ సోమరాజుగారి గొంతు వినబడింది.

“ఉప్పు లేదు, పులుపు లేదు. ఆస్పత్రిలో పెట్టే గంజి నయవండి బాబూ. తింటుంటే ఎవరో పోయినట్టు దిగులేసింది నాకు.”

“మరి బెమ్మాండం అన్నారంట కదండీ?” అన్నాడు పక్కాయన.

“ఏటండి మీరు! మన భద్రం టై కట్టుకుని, చేతులు కట్టుకుని, ఎదురుగా నిలబడి అడుగుతుంటే బాలేదని ఎలాగంటావండీ? మనుషులం కాదా?”

భద్రానికి తల కొట్టేసినట్టయింది. పదిహేనేళ్ళు ఏ ఊరి బంతిలోనూ పడని మాట తన చేతి తిండి మీద పడింది. పప్పులో ఉప్పు పడాలి, అంతే. ఆ మర్నాడే హైదరాబాదుకి ఫోను కలిపాడు. తెర మీద ముఖ్య అనుభవాధికారి సిద్ధాంత్‌గారు ప్రత్యక్షమయ్యారు. వయసు ముప్ఫై దాటలేదు గాని, గొంతులో మూడు కమిటీల బరువుంది.

“వీరభద్రంగారూ, అభినందనలు! సంతృప్తి సూచీలో మీ శాఖ దేశంలోనే ప్రథమ స్థానంలో ఉంది. ఒక్క ఏడుపుముఖం లేదు.”

“అయ్యా, జనం కూడా లేరండి. ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ రావట్లేదు.”

“సంతృప్తి అంటే అదే కదండీ. కడుపు నిండినవాడు మళ్ళీ అన్నం అడుగుతాడా? మీ ఊరివారికి మనం జీవితకాల సంతృప్తి కలిగించాం. లక్ష్యం నెరవేరింది కనుక దసరా వెళ్ళగానే మీ శాఖను విజయవంతంగా మూసివేస్తాం.”

భద్రం రెండు చేతులూ జోడించాడు. “అయ్యా, మూసెయ్యకండి. పప్పులో రవ్వంత ఉప్పు పడితే చాలండి. నేను రుచి చూశాను.”

సిద్ధాంత్‌గారు బాధగా తల ఊపారు. “నియమావళి మీరు చదవలేదు. సేవాకాలంలో ఉద్యోగి నాలుక సంస్థ ఆస్తి. దానికి సొంత అభిప్రాయం ఉండకూడదు. వినియోగదారుడు ఫిర్యాదు చెయ్యాలి. ఒక్క ఏడుపుముఖం రానివ్వండి, రుచి మండలిని అత్యవసరంగా సమావేశపరుస్తాను.”

ఒక్క ఏడుపుముఖం. అదెంత పని అనుకున్నాడు భద్రం.

మొదట నూకరాజుతో మాట్లాడి, పొట్లంలో పప్పుని నీళ్ళలో కడిగించి, ఆ వాసనపాటి ఉప్పు కూడా పోయేలా చూశాడు. స్నేహితుడు లాక్కొచ్చిన ఒక బ్యాంకాయన తిని, “మా డాక్టరుగారు ఎప్పట్నించో ఇదే చెప్తున్నారండి, ఒంటికి మంచిది,” అని నవ్వుముఖం నొక్కాడు. మర్నాడు పప్పు మాడ్చి పెట్టారు. “పొయ్యి మీది వంటలా భలే పొగవాసనండి,” అందొక పెద్దావిడ. భద్రం తెగించి, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నాడు. “అన్నం మధ్యలో నీళ్ళు తాగకూడదంటారు, మంచి పద్ధతి,” అన్నారు వాళ్ళు. ముఖం చూస్తే చెప్పలేకపోతున్నారేమోనని తెర చుట్టూ పరదా కట్టించాడు. పరదా చాటుకి వెళ్ళి కూడా నవ్వుముఖమే నొక్కి వచ్చారు. మంచితనం అంత గట్టిగా ఉన్న ఊళ్ళో వ్యాపారం చెయ్యడం మహా కష్టం.

ఒకరోజు తెర మీద ఏడుపుముఖం వెలిగింది. భద్రం వంటింట్లోకి పరిగెత్తి నూకరాజుని కావిలించుకున్నాడు. ఇద్దరూ కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చేసరికి ఒకాయన రొప్పుతూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బస్సెక్కాక అనుమానం వచ్చి, దిగి, ఆటో కట్టించుకుని వెనక్కి వచ్చాడట.

“చెయ్యి జారిందండి బాబూ! పొరపాటున ఆ ముఖం నొక్కేశాను. తమరు ఏవీ అనుకోకండి. దాన్ని ఎలా మార్చాలో చెప్పండి, మార్చేసి పోతాను.”

“మార్చొద్దండి,” అన్నాడు భద్రం, దాదాపు ఏడుస్తూ. “మీకు దణ్ణం పెడతాను, అలాగే ఉంచండి.”

“అయ్యో, ఎంత మాట! మీ అన్నం తిని మీకు అపకారం చేస్తానా?” అని ఆయన తెరని పట్టుకుని వదల్లేదు. ఏడుపుముఖం పోయి నవ్వుముఖం వచ్చేదాకా నొక్కి, తృప్తిగా వెళ్ళాడు.

ఆ పూట భద్రం ఇంటికి వచ్చి అన్నం ముందు దిగాలుగా కూర్చున్నాడు. అనంతలక్ష్మి కారణం అడిగి, అంతా విని, నవ్వింది.

“ఈ ఊళ్ళో తిండికి వంక పెట్టేవాళ్ళు లేకపోవడమేంటండీ? మన పెళ్ళి మర్చిపోయారా? మీ పెదనాన్నగారు, మామూలుగా చీమకి కూడా దారిచ్చే మనిషి, కాఫీ చల్లారిందని విడిది అరుగు మీద అలిగి కూర్చోలేదూ? మా నాన్న వెళ్ళి బతిమాలి, పట్టుపంచె పెడితే గాని లేవలేదు.”

“అది వేరేనే. అప్పుడాయన మగపెళ్ళివారు.”

ఆ మాట అనేసి భద్రం తినడం ఆపేశాడు. నిజమే. మన దేశంలో పెట్టిన తిండికి వంక పెట్టే హక్కు మగపెళ్ళివారొక్కరికే ఉంది. హక్కు ఏమిటి, బాధ్యత! వంక పెట్టని మగపెళ్ళివారిని చూస్తే ఆడపెళ్ళివారికే అనుమానం వస్తుంది, పిల్లాడిలో ఏదో లోపం ఉందేమోనని.

మర్నాడు గిన్నె స్టోరీ గుమ్మానికి మామిడాకులు కట్టారు. హాలుకి ‘విడిది’ అని బోర్డు పెట్టారు. అద్దాల బల్ల వెనక పిల్లలు పన్నీరుబుడ్లు పట్టుకున్నారు. మూలన సన్నాయి రికార్డు పెట్టారు. భద్రం టై తీసి పట్టుకండువా వేసుకుని వీధిలోకి వెళ్ళి, పెసరట్టు కోసం నిలబడ్డ సోమరాజుగారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“బావగారూ, దయచెయ్యాలి, దయచెయ్యాలి! ప్రయాణం సుఖంగా జరిగిందా? మగపెళ్ళివారు ఎండలో నిలబడితే మా పరువేం కాను?”

రాజుగారు ఒక్క క్షణం తెల్లబోయారు. తర్వాత నెత్తి మీద పన్నీరు పడింది, చేతికి గంధం తగిలింది, చెవిలో సన్నాయి పడింది. అంతే, ఆయన నడుము నిటారుగా అయింది. మీసం మీదికి చెయ్యి పోయింది. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, హాలు నాలుగు మూలలా చూశారు.

“ఏవయ్యా, ఇదేనా మర్యాద? ఒక విసనకర్ర లేదు, తాంబూలం లేదు.”

“ఏసీ ఉందండి బావగారూ.”

“ఏసీ ఎవడిక్కావాలి! మనిషి నిలబడి విసరాలి.” గిన్నె వచ్చింది. ఒక ముద్ద తిన్నారు. గిన్నె ధణాలున బల్ల మీద పెట్టారు. “ఇది పప్పా? దీన్ని పప్పంటారా? ఉప్పేదయ్యా? పిల్లనిస్తున్నావా, మాకు పత్యం పెడుతున్నావా? లేవండ్రా, పోదాం!”

లేవడానికి ఆయన వెంట ఎవరూ రాలేదు గాని, పక్క బల్లలవాళ్ళు లేచారు. రాజుగారు తిన్నగా వెళ్ళి తెర మీద ఏడుపుముఖం మీద గుద్దారు. భద్రం కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. ఆ నీళ్ళు చూసి రాజుగారు ఇంకా సంతోషించారు. ఆడపెళ్ళివారు అలాగే ఏడవాలి మరి.

సాయంత్రానికి ఊరంతా ఈ వార్త పాకింది. గిన్నె స్టోరీలో ఎవరినైనా మగపెళ్ళివారిగా చూస్తున్నారట! ఆడపిల్లల్ని కని, జన్మంతా చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రులు ముందు వచ్చారు. ఆఫీసుల్లో తిట్లు తినే గుమాస్తాలు వచ్చారు. కోడళ్ళ దగ్గర నోరెత్తని అత్తగార్లు వచ్చి, “ఆడపడుచు లాంఛనాలేవి?” అని గదమాయించారు. ఒక మేష్టారి కుటుంబం నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని అలిగి రోడ్డు మధ్యన కూర్చుంటే ఆకివీడు బస్సు ఆగిపోయింది. కండక్టరు దిగి వచ్చి, వాళ్ళని లేవమనకుండా, “బతిమాలండయ్యా, మగపెళ్ళివారు కదా!” అని భద్రాన్నే కోప్పడ్డాడు. అందరూ వంకలు పెట్టారు, అందరూ ఉప్పు లేదన్నారు, మర్నాడు మళ్ళీ వచ్చారు.

ఇన్ని ఏడుపుముఖాలు ఒక్కసారి చూసి హైదరాబాదులో గగ్గోలు పుట్టింది. సిద్ధాంత్‌గారు ఇద్దరు సలహాదారుల్ని వెంటేసుకుని భీమవరంలో దిగారు. గుమ్మంలోనే వాళ్ళ మీద పన్నీరు పడింది. మధ్యాహ్నం దాకా మూల కూర్చుని జనాన్ని చూసి, గది తలుపులు మూసుకుని మాట్లాడుకుని, భద్రాన్ని పిలిచారు.

“అద్భుతం,” అన్నారు సిద్ధాంత్‌గారు. “శాఖ మూసివేత ఉత్తర్వు రద్దు చేస్తున్నాం. అన్ని ఊళ్ళలోనూ దీన్ని ‘అలక అనుభవం’ పేరుతో ప్రవేశపెడతాం. మీకు ప్రాంతీయ అలకాధికారిగా పదోన్నతి.”

“చాలా సంతోషమండి. అయితే ఇక ఉప్పు వేసుకోవచ్చాండి?”

సలహాదారుల్లో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “ఇవి ఫిర్యాదులు కావు. మగపెళ్ళివారి ఫిర్యాదు ఆచారసిద్ధం, ఆహారసిద్ధం కాదు. అమృతం పెట్టినా వారు అలాగే అంటారని మా అధ్యయనంలో తేలింది. నియమావళి కింద చెల్లదు.”

“పైగా,” అన్నాడు రెండో ఆయన, “ఉప్పు వేస్తే అలక తగ్గే ప్రమాదం ఉంది. అసలు అన్ని శాఖల్లోనూ ఆ వాసనపాటి ఉప్పు కూడా తీసెయ్యాలని నా సిఫారసు.”

భద్రానికి ఒళ్ళు మండింది. జన్మలో మొదటిసారి పై అధికారి ముందు గొంతు పెంచాడు. “అయ్యా, ఇది వేడుకండి, నాలుగు రోజుల ముచ్చట. రేపు ఇది మొహం మొత్తాక వాళ్ళకి మిగిలేది ఆ పప్పే. నా చేత్తో చప్పిడి పప్పు పెట్టలేనండి. పదిహేనేళ్ళు ఊళ్ళు తిరిగి వడ్డించిన చెయ్యండి ఇది!”

సిద్ధాంత్‌గారు చెడ్డవారు కాదు. ఆలోచించి ఒక దారి చెప్పారు. “సరే. రేపు మీకు సన్మానం పెడుతున్నాం. ఆ పూటకి మీరు ఉద్యోగి కాదు, మా అతిథి. మీ నాలుక మీకు తిరిగి ఇచ్చేస్తాం. మగపెళ్ళివారూ కారు కనుక మీ మాట చెల్లుతుంది. తిని, బాగాలేదని ఒక్క మాట అనండి, అక్కడికక్కడ సంతకం పెట్టి దేశమంతా ఉప్పు వేయిస్తాను.”

భద్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు హాలు నిండిపోయింది. సోమరాజుగారు ముందు వరసలో కూర్చున్నారు. అనంతలక్ష్మి పట్టుచీర కట్టుకుని వచ్చింది. వంటింటి గుమ్మంలో నూకరాజు ఇంటి నుంచి తెచ్చిన ఉప్పు డబ్బాతో సిద్ధంగా నిలబడ్డాడు. శాలువా కప్పారు, దండ వేశారు, భద్రాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. సిద్ధాంత్‌గారు చొక్కా చేతులు మడిచి, గిన్నె పట్టుకుని, తానే పప్పన్నం వడ్డించారు. అలవాటు లేని చెయ్యి కావడంతో పప్పు కొంచెం శాలువా మీద ఒలికింది. ఆయన కంగారుగా రుమాలుతో తుడిచారు.

భద్రం ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. పప్పు ఎప్పటిలాగే చప్పగా ఉంది. ‘బాగాలేదు’ అన్న మాట నాలుక చివరికి వచ్చింది.

“ఒక్క నిమిషం,” అన్నారు సిద్ధాంత్‌గారు, గొంతు తగ్గించి. “మీరు చెప్పబోయేది ఒకరు వినాలనుకుంటున్నారు. ఈ పప్పు కొలత మా అమ్మది. నాన్నకి బీపీ, మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఇదే. ఉప్పు ఎంత వెయ్యాలో రుచి మండలి తేల్చుకోలేకపోతే ఈ కొలత నేనే ఇచ్చాను. అమ్మ వంట తిన్న బయటివాళ్ళ మాట ఆవిడ చెవిన పడటం ఇదే మొదలు. పొద్దున్నుంచి ఫోను పట్టుకుని కూర్చుంది.”

జేబులోంచి ఫోను తీసి భద్రం ముందు పట్టుకున్నారు. తెరలో ఒక పెద్దావిడ, బొట్టు పెద్దగా పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుంటూ, ముఖమంతా ఆశగా చూస్తోంది. ఈ పక్కన కొడుకు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బాబూ, పప్పు తిన్నావా? ఎలా ఉంది నాయనా?” అందావిడ.

నూకరాజు డబ్బా మూత తీశాడు. అనంతలక్ష్మి ‘చెప్పండి, చెప్పండి’ అన్నట్టు కళ్ళతోనే తోసింది. సోమరాజుగారు మాత్రం అంతా అర్థమైనట్టు తల దించుకున్నారు. భద్రం నోట్లో ముద్ద మింగాడు.

“బాగుందమ్మా,” అన్నాడు. “బెమ్మాండంగా ఉంది.”

సిద్ధాంత్‌గారు కళ్ళు తుడుచుకున్నారు. సలహాదారులిద్దరూ చప్పట్లు కొట్టారు. నూకరాజు డబ్బా మూత పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు. తెరలో పెద్దావిడ ముఖం వెలిగిపోయింది.

“అయితే ఇంకో రెండు గరిటెలు వేయించుకో బాబూ,” అందావిడ. “మొహమాటపడకు.”

భద్రం గిన్నె ముందుకు జరిపాడు.